నోటీసుకు తెలిసిన చిరునామా

కార్గిల్‌లో మనవాళ్లు ఎంతమంది చనిపోయారని అడిగితే బడి పిల్లలు కూడా 527 అని చెప్పేస్తారు. పోటీ పరీక్షల గైడ్లలో ఉండే అంకె అది. గాయపడ్డవాళ్లు ఎంతమంది అని అడిగి చూడండి. పాఠం చెప్పిన పంతులు కూడా తడుముకుంటాడు. 1,363 మంది. వాళ్లలో కొందరి గాయాలు నెలల్లో మానాయి. కొందరికి కాలు పోయింది, కొందరికి చెయ్యి పోయింది, కొందరికి చూపు పోయింది. వెన్ను దెబ్బతిని నడుం కిందంతా చచ్చుబడినవాళ్లూ ఉన్నారు. అప్పటికి చాలామంది ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్న కుర్రాళ్లు. ఇవాళ యాభై, అరవై చుట్టుపక్కల వయసులో ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక ఇంట్లో బతుకుతున్నారు. ఆ ఇంటికి ఇంటిపన్ను డిమాండ్ నోటీసు వస్తుంది. కట్టడం ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ కలుపుకుని మళ్లీ వస్తుంది.

నా కోపమంతా ఆ నోటీసు మీదే.

గాయపడ్డవాళ్లను మరిచిపోవడంలో గల్వాన్ సంగతీ అంతే. 2020 జూన్ 15 రాత్రి 20 మంది అమరులయ్యారు. వాళ్లకు నాయకత్వం వహించిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్లు ఇచ్చింది, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ఇచ్చింది, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. మిగతా 19 మంది కుటుంబాలకు, వాళ్లు ఏ రాష్ట్రం వాళ్లయినా సరే, తలా 10 లక్షలు ఇచ్చింది. మంచి పని చేసింది. అందులో ఒక్క రూపాయి తగ్గాలని నేననను. నేనడిగేది వేరే. అదే రాత్రి 76 మంది గాయపడ్డారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ 76 మందిలో ఒక్కరి పేరు మనకు తెలుసా? ఒక్కరి ఇంటి ముందు కలెక్టర్ కారు ఆగిందా? శవపేటిక మీద జెండా కప్పి తెస్తే వీధులు నిండిపోతాయి. అదే మనిషి చంకకింద కర్ర పెట్టుకుని కాజీపేట స్టేషన్‌లో రైలు దిగితే ఆటోవాడు కూడా తిరిగి చూడడు. చచ్చినవాణ్ని దేవుణ్ని చేసి, బతికొచ్చినవాణ్ని దరఖాస్తుదారుణ్ని చేసే ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నాం మనం?

మా వీధిలో ఒక రిటైర్డ్ హవల్దార్ ఉన్నాడు. చిన్నా పెద్దా అందరికీ ఆయన హవల్దార్ కాకే. 2001 డిసెంబర్‌లో పార్లమెంటు మీద దాడి తర్వాత సైన్యాన్ని సరిహద్దుకు తరలించిన ఆపరేషన్ పరాక్రమ్ రోజుల్లో, పడమటి సరిహద్దులో మందుపాతర పేలి ఆయన ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. ఆ ఆపరేషన్ సాగిన పది నెలల్లో యుద్ధమే జరగలేదు. ఒక్క దాడి ఆజ్ఞ లేకుండానే, మందుపాతరలు పాతుతూ, తీస్తూ, ఎడారి ఎండలో కాపలా కాస్తూ వందల మంది సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాళ్లు పోగొట్టుకున్నవాళ్ల లెక్క ఎవరికి కావాలి? కాకను పుణెలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌కు పంపారు. 1944లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా పెట్టిన కేంద్రం అది. అక్కడే కాలు కొలిచి, చేసి, తొడిగి, మళ్లీ నడవడం నేర్పారు. ఆ కేంద్రం గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆయన గొంతులో గౌరవం ఉంటుంది. అక్కడ తనను ఏ కాయితమూ అడగలేదంటాడు.

కిందటిసారి నోటీసు వచ్చినప్పుడు మినహాయింపు అడగడానికి ఆయనతో నేనూ వెళ్లాను. ఏ ఆఫీసో రాయను. అది ఒక్క ఆఫీసు జబ్బు కాదు గనక పేరు రాసి ప్రయోజనం లేదు. పన్నుల సెక్షన్ మేడ మీద ఉంది. లిఫ్ట్ లేదు. ఎండాకాలం. కృత్రిమ కాలు ఎలా ఉంటుందో చూడనివాళ్లకు చెప్పాలి: మోకాలి కింద మిగిలిన మోడుకు నూలు మేజోడు తొడిగి, దాని మీద గట్టి గుల్లలాంటి కాలు బిగిస్తారు. ఎండలో లోపల చెమట చేరుతుంది. చెమట చేరితే కాలు లోపల జారుతుంది. జారినకొద్దీ చర్మం ఒరుసుకుపోతుంది. మెట్టు మెట్టుకూ రెయిలింగ్ పట్టుకుని, ముందు మంచి కాలు వేసి, వెనక రెండోది ఈడ్చుకుంటూ ఎక్కాడు. పైకి చేరాక బల్ల మీద కూర్చుని, ప్యాంటు పైకి మడిచి, కాలు విప్పి, జేబులోంచి ఇంకో మేజోడు తీసి మార్చుకున్నాడు. తడిసినదాన్ని పిండితే నీళ్లు కారాయి. పక్కన కూర్చున్న ఆడామె తల తిప్పుకుంది. కౌంటర్లో ఉన్న పిల్లవాడు ఫోన్ చూసుకుంటున్నాడు.

ఆ తర్వాత జరిగిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి.

"ఏ వార్‌ల పొయ్యింది సార్ కాలు?"

"వార్ కాదు బిడ్డా, పరాక్రమ్‌ల. మైన్ పేలింది."

"వార్ కాకపోతే మరి వార్ డిసేబుల్డ్ అని ఎట్ల రాస్తరు? సదరం సర్టిఫికెట్ ఉన్నదా?"

"మిలిటరీ మెడికల్ బోర్డు ఇచ్చింది ఇగో. పర్సెంటేజీ కూడ ఉన్నది."

"గది మాకు చెల్లదు సార్. సదరం కాయితం తేవాలె. ఇంకోటి, ఇల్లు మీ పేర లేదు గద. మేడం పేర ఉన్నది. మేడం మిలిటరీల చేసిందా?"

సదరం కాయితమంటే జిల్లా డాక్టర్లు ఇచ్చే వైకల్యం సర్టిఫికెట్. కాక ఏమీ అనలేదు. ఆ ఇల్లు భార్య పేర ఎందుకుందో నాకు తెలుసు. ప్లాటు రిజిస్ట్రేషన్ నాటికి ఆయన పుణె ఆసుపత్రిలో మంచం మీద ఉన్నాడు. సబ్-రిజిస్ట్రార్ ముందు నిలబడి వేలిముద్ర వేయడానికి మనిషి కావాలి. ఆయన భార్య, మా చిన్నమ్మ, ఒక్కతే వెళ్లి, తన పేర రాయించుకుని వచ్చింది. దెబ్బ తగిలినందుకు వచ్చిన డబ్బుతో కొన్న జాగా అది. దెబ్బ తగిలి ఊళ్లో లేడు గనకే ఆయన పేర రిజిస్టర్ కాలేదు. ఇప్పుడు ఆయన పేర లేదు గనక ఆ దెబ్బ లెక్కలోకి రాదట!

"అయితే జీవో కాపీ తేండ్రి సార్, పైకి రాసి చూద్దాం" అన్నాడు చివరికి ఆ పిల్లవాడు. ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు కాపీని ప్రభుత్వ ఆఫీసుకు పౌరుడు తెచ్చివ్వాలి! ఆ మాట మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే, అన్నవాడికి సిగ్గు లేదు, విన్నవాడికి ఆశ్చర్యం లేదు. కాక కిందికి దిగి, అసలూ వడ్డీ కలిపి డబ్బు కట్టేసి, రసీదు తీసుకుని, పెన్షన్ ఉత్తర్వు (పీపీఓ) కాయితాలున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. "గవర్నమెంటుతోని కొట్లాట ఎందుకురా" అన్నాడు. ఇరవై ఏళ్లు ఆ గవర్నమెంటు తరఫున కొట్లాడినవాడు అన్న మాట అది. నాకు నోట మాట రాలేదు.

మాజీ సైనికుడు తానుండే ఇంటికి పన్ను మినహాయింపు ఇవ్వాలన్న ఆలోచన నేను కొత్తగా పుట్టించినది కాదు. మన పక్కనే హైదరాబాద్ మహానగర పాలక సంస్థ పన్ను మినహాయింపుల జాబితాలో గుడులు, మసీదులు, ధర్మసంస్థల సరసన సైనికుల, మాజీ సైనికుల ఆస్తులూ ఉన్నాయి. అవతల ఆంధ్రప్రదేశ్‌లో 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ వేడి మీద, ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గ్రామ పంచాయతీల్లో సైనికుల ఇళ్లకు ఇంటిపన్ను మినహాయిస్తున్నట్టు ప్రకటించారు. రిటైరైనవాళ్లకు, సరిహద్దులో ఉన్నవాళ్లకు అంతకుముందే ఉన్నదాన్ని సర్వీసులో ఉన్న అందరికీ విస్తరించారు. అదైనా పంచాయతీల వరకే. పట్టణంలో ఇల్లు కట్టుకున్న సైనికుడి మాట అందులో లేదు. మహారాష్ట్ర 2020లో బాలాసాహెబ్ ఠాక్రే పేరిట పథకం పెట్టి గ్రామీణ ప్రాంతాల మాజీ సైనికుల ఇళ్లకు పన్ను తీసేసింది. ఢిల్లీలో మాజీ సైనికుడి ఇంటికి 30 శాతం రాయితీ ఉంది. ఒక్కో చోట ఒక్కో తీరు. ఒక చోట పల్లెకే, ఒక చోట పట్నానికే, ఒక చోట కొంతే, ఒక చోట అసలే లేదు. ఒకే బంకర్లో పక్కపక్కన పడుకున్న ఇద్దరికి ఒకే మందుపాతర తగిలితే, ఒకడి ఇల్లు ఏ కార్పొరేషన్ హద్దులో ఉందన్నదాన్ని బట్టి అతని త్యాగానికి విలువ కడతామా?

వరంగల్ సంగతే చూడండి. 2015లో గ్రేటర్ అయ్యేనాటికి చుట్టుపక్కల 42 గ్రామాలు కార్పొరేషన్‌లో కలిశాయి. మొన్నటి దాకా పంచాయతీకి కొంచెం ఇంటిపన్ను కట్టుకున్నవాళ్లు నగరం లెక్కల్లోకి వచ్చారు. ఊరి చివర చవగ్గా వస్తుందని జాగా కొని ఇల్లు కట్టుకున్న జవాన్లు అలాంటి ఊళ్లలోనే ఎక్కువ. పెన్షన్ డబ్బుతో హంటర్ రోడ్డులో, నక్కలగుట్టలో ఎవరు కొంటారు?

డబ్బు లేకనా ఇవ్వనిది? అది కూడా చూద్దాం. 2020 నవంబర్‌లో, దీపావళి కానుకంటూ, అప్పటి ప్రభుత్వం ఆ ఏడాది ఆస్తిపన్నులో సగం మాఫీ చేసింది. హైదరాబాద్‌లో 15 వేల లోపు, మిగతా పట్టణాల్లో 10 వేల లోపు పన్ను ఉన్న ఇళ్లన్నిటికీ. సుమారు 31 లక్షల ఇళ్లు, 326 కోట్ల రూపాయలు. అప్పటికే కట్టేసినవాళ్లకు మరుసటి ఏడాది సర్దుబాటు చేస్తామన్నారు. కొన్ని రోజులకే, డిసెంబర్ 1న, హైదరాబాద్‌లో ఓట్లు పడ్డాయి. 2016లోనూ గ్రేటర్ ఎన్నికల ముందు, హైదరాబాద్‌లో 1,200 లోపు పన్నున్న ఇళ్లకు 101 రూపాయలు చాలన్నారు. ఏళ్ల తరబడి కట్టనివాళ్లకు వడ్డీలో 90 శాతం కొట్టేసే వన్‌టైమ్ సెటిల్‌మెంట్లు వస్తూనే ఉన్నాయి. పేదవాడికి పన్ను తగ్గితే నాకు సంతోషమే. 2019 మున్సిపల్ చట్టంలో 75 గజాల లోపు చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయలని పెట్టడాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. కానీ ఈ మాఫీల్లో ఒక సంగతి నా కడుపు రగిలిస్తోంది. 2020లో ఆ 31 లక్షల మందిలో ఎవరినైనా సదరం కాయితం అడిగారా? జీవో కాపీ తెమ్మన్నారా? ఇల్లు భార్య పేరా, భర్త పేరా అని చూశారా? కంప్యూటర్లో అంకె సగమైంది, అంతే. ప్రభుత్వం ఇవ్వదలచుకుంటే ఒక్క రాత్రిలో ఇవ్వగలదు, ఇల్లు కదలకుండా ఇవ్వగలదు. మరి ఒక కాలు ఇచ్చి వచ్చినవాడు మాత్రం రెండో కాలు అరిగేదాకా ఎందుకు తిరగాలి?

ఓట్లు లేకనే అనుకుంటాను. ఇంకో కారణం నాకు తోచడం లేదు. ఒక డివిజన్‌లో సర్వీసులో దెబ్బతిన్న సైనికులు ఎంతమంది ఉంటారు? ఇద్దరో, ముగ్గురో. ధర్నా చేయరు, రోడ్డు మీద కూర్చోరు. సైన్యం నేర్పిన క్రమశిక్షణ వాళ్లను నోరెత్తనివ్వదు. వాళ్ల మౌనాన్ని మనం అంగీకారమని రాసుకున్నాం.

మెట్ల మాట కూడా తేల్చాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 జూన్‌లో నియమాలు వచ్చాయి. ఆ నియమాలు వచ్చిన ఐదేళ్లలోగా ప్రజలు వచ్చిపోయే పాత భవనాలన్నిటినీ వికలాంగులు వాడుకునేలా మార్చాలని 45వ సెక్షన్ చెబుతోంది. అంటే 2022 జూన్‌తో గడువు అయిపోయింది. మీ ఊళ్లో ఎమ్మార్వో ఆఫీసుకు, మున్సిపల్ ఆఫీసుకు, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లి చూడండి. ర్యాంపు ఉంటే దాని మీద బైకులు పెట్టి ఉంటాయి. ఇంటిపన్ను ఒక్క నెల దాటితే వడ్డీ వేసే ప్రభుత్వం, చట్టం పెట్టిన గడువు తానే దాటి ఏళ్లయితే ఎవరికి వడ్డీ కడుతోంది? ప్రభుత్వ శాఖల భవనాలు స్థానిక సంస్థలకు కట్టాల్సిన ఆస్తిపన్ను బకాయిలు ఏళ్లకేళ్లు పేరుకుపోవడం అందరికీ తెలిసిందే. వాటి గేట్లు ఎవరూ పీక్కుపోరు. మార్చి నెలాఖరులో తాళాలు పడేది, సామాను జప్తు అయ్యేది మామూలు జనం ఇళ్లకే.

ఇక ఢిల్లీ తీరు. వైకల్య పెన్షన్ విషయంలో దెబ్బతిన్న సైనికుల మీదికి కోర్టులకెక్కింది సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వమే. సర్వీసులో చేరేనాటికి ఆరోగ్యంగా ఉన్నవాడికి తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని భావించాలి, కాదని నిరూపించే బాధ్యత ప్రభుత్వానిదే అని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. వైకల్యం శాతాన్ని పైకి సవరించి లెక్కగట్టే సౌకర్యం, మధ్యలో ఇంటికి పంపేసినవాళ్లకే కాదు, దెబ్బతోనే సర్వీసు పూర్తి చేసినవాళ్లకూ వర్తిస్తుందని 2014 డిసెంబర్ 10న రామ్ అవతార్ కేసులో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆ ఒక్క తీర్పుతో ప్రభుత్వం వేసిన వందల అప్పీళ్లు కొట్టుకుపోయాయి. ఆ ప్రతి అప్పీలు వెనకా ఒక కర్ర, ఒక చక్రాల కుర్చీ, వకీలు ఫీజు కోసం తాకట్టు పెట్టిన ఒక పుస్తెలతాడు ఉన్నాయి. అంతటితో అయిపోలేదు. 2019 జూన్ 24న వచ్చిన ఆదాయపు పన్ను సర్క్యులర్ ఒకటి, వైకల్యం వల్ల మధ్యలో సర్వీసు వదలాల్సి వచ్చినవాళ్ల పెన్షన్‌కే పన్ను మినహాయింపు అంది. దెబ్బ తిని కూడా ఓర్చుకుని, చివరిదాకా పనిచేసి రిటైరైతే పన్ను కట్టాలట. అదీ సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఓర్చుకున్నవాడికే శిక్ష వేయాలన్న ఆలోచన ఎవరి బుర్రకు తట్టింది?

అమెరికాలో మన వరంగల్ పిల్లలు చాలామంది ఉన్నారు. డల్లాస్ చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లు కొన్నవాళ్లకు ఆస్తిపన్ను అంటే ఏమిటో బాగా తెలుసు. ఏటా ఇంటి విలువలో సుమారు 2 శాతం దాకా కట్టే పన్ను అది. ఆ టెక్సాస్‌లోనే, వంద శాతం వైకల్యం ఉందని వెటరన్స్ శాఖ నిర్ధారించిన మాజీ సైనికుడు తానుండే ఇంటికి ఆస్తిపన్ను రూపాయి కట్టనక్కర్లేదు. 2009 నుంచి ఉంది ఈ చట్టం. ఆయన పోయాక భార్యకూ వర్తిస్తుంది. ఒక్కసారి దరఖాస్తు పెడితే చాలు. సైన్యం శాఖ తేల్చిన శాతాన్ని పన్ను శాఖ మారు మాట్లాడకుండా ఒప్పుకుంటుంది. ఇల్లు అమెరికాలో ఉంటేనే గౌరవమా అని అడగబుద్ధవుతుంది. అంత దూరం కూడా వెళ్లనక్కర్లేదు. యుద్ధంలో పడినవాడి కుటుంబానికి పన్ను లేని భూమి రాసిచ్చి, ఊరి బయట వీరగల్లు నిలబెట్టే ఆనవాయితీ ఈ దక్షిణ దేశంలో శతాబ్దాల నాటిది. వరంగల్ కోట చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా నిలబడ్డ వీరగల్లుల ముందు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాళ్లున్నారు. కత్తి పట్టినవాడి ఇంట్లో పొయ్యి ఆరకూడదని ఆ కాలపు రాజుకు తెలుసు. మనకు తెలియదా?

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. సర్వీసులో గాయపడి, మెడికల్ బోర్డు వైకల్యం తేల్చిన ప్రతి సైనికుడి వివరాలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. పెన్షన్ ఇచ్చే స్పర్శ్ వ్యవస్థలో ఉన్నాయి. ఆయన పీపీఓలో వైకల్యం శాతం అక్షరాల్లో, అంకెల్లో రాసి ఉంటుంది. ఆయన గుర్తింపు కార్డు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి వచ్చినదే. అక్కడి రిజిస్టర్లో ఆయన పేరు, ఊరు, ఇల్లు, భార్య పేరు, పిల్లల పేర్లు ఉంటాయి. ఇంటి నంబరుతో సహా ఆయన చిరునామా పన్నుల ఆఫీసులోనూ ఉంది. లేకపోతే నోటీసు ఎలా వస్తోంది? ఈ రెండు జాబితాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టమంటున్నాను. ఒక గుమస్తా కూర్చుంటే, వరంగల్, హనుమకొండ రెండు జిల్లాలకూ కలిపి ఎన్ని రోజుల పని? ఆ పేర్లకు ఎదురుగా సున్నా వేయండి. నోటీసుకు తెలిసిన చిరునామా మినహాయింపుకు తెలియదంటే నేను నమ్మను.

ఇల్లు భార్య పేర ఉన్నా ఇవ్వండి. తల్లి పేర ఉండి ఆయన అందులో ఉంటున్నా ఇవ్వండి. ఆయన పోయాక ఆమెకూ ఇవ్వండి. ఏ యుద్ధమని అడగకండి. సియాచిన్‌లో మంచుకు కరిగిపోయిన వేళ్లకు యుద్ధం పేరుండదు. రాజస్థాన్ ఇసుకలో పేలిన మందుపాతరకు పేరుండదు. మిలిటరీ మెడికల్ బోర్డు కాయితం ఉన్న మనిషిని సదరం క్యాంపు లైన్లో నిలబెట్టకండి. సైన్యంలో డాక్టర్లు కోసి తీసిన కాలు పోయిందో లేదో జిల్లా డాక్టర్లు ఇంకోసారి చూసి చెప్పాలా? పోయిన ఏళ్లలో కట్టించుకున్న పన్ను, వడ్డీ తిరిగి ఇవ్వండి. 2020లో సర్దుబాటు చేయడం వచ్చిన ప్రభుత్వానికి ఇప్పుడూ వస్తుంది.

ఈ పని ఇప్పుడే చేయాలని నేను తొందరపడటానికి ఇంకో కారణం ఉంది. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఆర్మీ ర్యాలీ పెడితే తెల్లవారుజామున చలిలో వేల మంది పిల్లలు బూట్లు చేత్తో పట్టుకుని క్యూ కడతారు. నర్సంపేట నుంచి, పరకాల నుంచి, జనగామ నుంచి వస్తారు. సైన్యంలో చేరడం ఈ జిల్లా పిల్లలకు ఎంత ముఖ్యమో 2022 జూన్ 17న దేశమంతా చూసింది. ఆ రోజు సికింద్రాబాద్ స్టేషన్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన కుర్రాడు వరంగల్ జిల్లా వాడే. అగ్నిపథ్ వద్దని, పాత పద్ధతిలో చేర్చుకోవాలని అడగడానికి వెళ్లాడు. అడ్డు పెట్టినా, కాల్చినా ఆ పథకం వచ్చింది, పిల్లలు అగ్నివీరులుగా చేరారు. మొదటి బ్యాచ్ 2022 చివర్లో, 2023 మొదట్లో శిక్షణకు వెళ్లింది. నాలుగేళ్లు. నాలుగింట మూడు వంతుల మంది ఇంటికి తిరిగి వస్తారు. వాళ్లకు పెన్షన్ లేదు. మాజీ సైనికులన్న హోదా కూడా లేదు. సర్వీసు వల్ల వైకల్యం వస్తే శాతాన్ని బట్టి 15 లక్షలో, 25 లక్షలో, 44 లక్షలో ఒకేసారి చేతిలో పెడతారు. ఆ తర్వాత అతను ఏ జాబితాలో ఉంటాడు?

మాజీ సైనికులకు మినహాయింపు అని రాసి ఉన్న ప్రతి నిబంధనా ఆ పిల్లవాడి విషయంలో చెల్లదు. పాతికేళ్లకు చెయ్యి పోగొట్టుకుని వచ్చి, నాన్న కట్టిన ఇంట్లో ఉంటే, ఆ ఇంటికి నోటీసు వస్తుంది. అతను ఆ మెట్లెక్కి వెళితే, నువ్వసలు మాజీ సైనికుడివే కావు అంటారు. హవల్దార్ కాకను కనీసం సార్ అన్నారు.

అందుకే రాయబోయే ఉత్తర్వులో మాజీ సైనికుడు అన్న మాట చాలదు. సైనిక సేవలో గాయపడి వైకల్యం వచ్చిన ఎవరైనా, నాలుగేళ్లు చేసినా, నలభై రోజులు చేసినా, అని రాయాలి. శిక్షణలో ఉండగానే దెబ్బతిని, కమిషన్ రాకముందే ఇంటికి పంపేసిన ఎన్‌డీఏ క్యాడెట్ల గోడును 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తానంతట తానే విచారణకు తీసుకున్నాక గానీ వాళ్లకు మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కింద వైద్యం దొరకలేదు. అగ్నివీరుల విషయంలోనూ కోర్టు చెప్పేదాకా కూర్చుంటారా?

పట్టణాభివృద్ధి శాఖ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి చేతుల్లోనే ఉంది. సైనిక సంక్షేమ డైరెక్టరేట్ హైదరాబాద్‌లోనే ఉంది. రెండు ఆఫీసులూ ఒకే ఊళ్లో ఉన్నాయి, మధ్యలో మెట్లు కూడా లేవు. ముందుగా పన్ను కట్టేవాళ్లకు 5 శాతం తగ్గిస్తామని ఏప్రిల్‌లో ఊరంతా మైకులు తిరుగుతాయి. ఆ మైకు తిరిగే లోపల ఆ ఉత్తర్వు మీద సంతకం పడాలి. కాపీ మాకు ఇవ్వనక్కర్లేదు, ఆ కౌంటర్ మీద ఒకటి అంటించండి.